దస్తర్‌ఖాన్ చుట్టూ ఎవరెవరు?

గోదావరిఖనిలోని మా క్వార్టర్‌లో అందరమూ ఒకే దస్తర్‌ఖాన్ చుట్టూ కూర్చునే రాత్రులు తక్కువ. షిఫ్టులు అలాంటివి. అటువంటి ఒక ఆదివారం, ఇషా నమాజు అనంతరం, మా చెల్లెలు ఒక ప్రశ్న వేసింది: గతించిన ప్రముఖులలో నలుగురిని భోజనానికి పిలువగలిగితే ఎవరిని పిలుద్దాం?

దైవప్రవక్తలను, సహాబాలను ఈ ఆటలోకి తీసుకురాకూడదని ముందే నిర్ణయించుకున్నాము. వారి నోట మన ఊహలను పలికించడం మర్యాద కాదు.

మొదటి పేరు మౌలానా అబుల్ కలాం ఆజాద్. 1942లో అహ్మద్‌నగర్ కోటలో బందీ అయిన తరువాత ఆయన వ్రాసిన లేఖలే ‘గుబారె ఖాతిర్’. అందులో తేనీటి ముచ్చట ఎంతో ఉన్నది. పాలు కలపడం ఆయనకు ససేమిరా గిట్టదు. మా ఇంటి చిక్కటి పాల చాయ్ చూసి ఏమనేవారో!

ఇబ్న్ ఖల్దూన్ (1332–1406) అబ్బా కోరిక. మనిషి సంపాదనకు మూలం అతని శ్రమేనని ‘ముఖద్దిమా’లో వివరించిన విద్వాంసుడాయన. తట్టాచెమ్మస్‌తో టబ్బులు నింపిన మా దాదా, “ఈ సంగతి తెలియడానికి నాకు గ్రంథం అవసరం పడలేదు” అని నవ్వారు.

మఖ్దూం మొహియుద్దీన్ (1908–1969) దగ్గర వాదన రేగింది. సిటీ కాలేజీలో బోధించినవాడు, కార్మికుల మధ్య బ్రతికినవాడు, ఉర్దూ కవి. ఆయన రాజకీయ మార్గం అబ్బాకు నచ్చదు. అతిథిని అభిప్రాయం అడిగి గడప దాటనిస్తామా అని దాదాయే తేల్చివేశారు.

నాలుగవ స్థానం చెల్లెలిది. ఆమె బేగం రొకెయా సఖావత్ హుస్సేన్ (1880–1932)ను కోరింది. 1911లో కలకత్తాలో ఎనిమిదిమంది బాలికలతో పాఠశాల నడిపిన మహిళ. 1905లో మద్రాసు పత్రికలో వెలువడిన ఆమె కథ ‘సుల్తానా స్వప్నం’లో దేశాన్ని స్త్రీలు నడుపుతారు, పురుషులు ఇంటిపట్టున ఉంటారు. అక్కడి వంటశాలలో పొగ లేదు, బొగ్గు లేదు. వంటంతా సూర్యుని వేడిమితోనే.

ఆ మాట వినగానే అబ్బా చేతిలోని ముద్ద ఆగిపోయింది. “బొగ్గు లేని దేశంలో మనకేం పని?” మా ఇంట రెండు తరాల అన్నం ఆ నల్లరాయి పెట్టినదే. అన్న వారసత్వ ఉద్యోగం కోసం ఎదురుచూస్తున్నాడు. ఎవరమూ మాట్లాడలేదు.

దాదీ మాత్రం బొగ్గు పొయ్యి రోజులను తలచుకున్నారు. ఊది ఊది కళ్లు మండిపోయేవట. “ఆమె ఎన్నడో పొయ్యి ముందు కూర్చునే ఉంటుంది” అన్నారు.

రామగుండం ఎన్టీపీసీ జలాశయం మీద 100 మెగావాట్ల తేలియాడే సౌర విద్యుత్ కేంద్రం ఉన్నది. 2022 జూలై 1 నుండి అది పూర్తిస్థాయిలో పనిచేస్తున్నది. బొగ్గు మండించే కేంద్రం, ఎండను పట్టే పలకలు ఒకే చోట! రొకెయా బేగంను అక్కడికి తీసుకువెళ్లాలని చెల్లెలు పట్టుబట్టింది. “తీసుకువెళ్దాం” అన్నారు అబ్బా. “ఆ పలకల దగ్గర ఎంతమందికి పని దొరుకుతుందో కూడా అడిగి వద్దాం.”

ఆ రాత్రి వడ్డన అబ్బాది, అన్నది అని తీర్మానమైంది; కథలోని దేశపు పద్ధతి కనుక. వంట బగారా అన్నం, దాల్చా. దాదీకి ఒక్కటే సందేహం మిగిలింది. దాల్చా సన్నసెగ మీద ఉడకాలి కదా, ఆ సూర్యుని పొయ్యికి సెగ తగ్గించే వీలున్నదా అని.