మీకు తెలుసా? నలుగురు ఉద్దండులు, ఒక ఫొటో

బీథోవెన్ 1803–04లో రాసిన 'ట్రిపుల్ కన్చెర్టో'లో సోలో వాయించేది ఒక్కరు కాదు, ముగ్గురు. పియానో, వయొలిన్, చెల్లో. తోడుగా నిండు ఆర్కెస్ట్రా. దీని రికార్డింగుల్లో బాగా పేరుపడ్డది 1969లో బెర్లిన్‌లో ఈఎంఐ కంపెనీ చేయించింది. పియానో స్వ్యాతొస్లావ్ రిఖ్తర్, వయొలిన్ డేవిడ్ ఓయ్‌స్త్రాఖ్, చెల్లో రొస్త్రపోవిచ్. ముగ్గురూ సోవియట్ విద్వాంసులే. బెర్లిన్ ఫిల్హార్మనిక్‌ను నడిపింది హెర్బర్ట్ ఫాన్ కరాయన్. అట్ట మీద ఈ పేర్లు చూస్తే ఎవరికైనా చెయ్యి జేబులోకి పోతుంది!

రిఖ్తర్ మాత్రం అది ఘోరమైన రికార్డింగని, దానితో తనకు సంబంధమే లేదన్నట్టు తర్వాత తేల్చేశాడు. ఆయన చెప్పిందాని ప్రకారం లోపల రెండు జట్లు: కరాయన్, రొస్త్రపోవిచ్ ఒకవైపు, ఓయ్‌స్త్రాఖ్, తాను మరోవైపు. రెండో భాగం మరీ నత్తనడకన సాగిందని బాధ. ఇంకొక్కసారి వాయిద్దామంటే కరాయన్ టైం లేదన్నాడట. ఎందుకంటే, ఫొటోలు దిగాలి! ఆ ఫొటోలో నలుగురూ నవ్వులు చిందిస్తూనే ఉన్నారు.

వినేవాళ్లకు ఈ తగాదా వినపడదు, నిజం చెప్పాలంటే. ఒక్కటి గమనించండి: మూడు భాగాల్లోనూ సోలో వాద్యాల్లో ముందుగా గొంతు విప్పేది చెల్లోనే. అదీ చాలాచోట్ల పైస్థాయిలో, వయొలిన్‌కు దగ్గరగా. చెల్లో విద్వాంసులు ఈ రచనంటే జంకేది అందుకే.