జప్తు వాహనాల వేలముపాట

జప్తు వాహనాల వేలముపాట అనగా నేరములలో వాడబడినవని పోలీసు, ఎక్సైజు, రెవెన్యూ తదితర శాఖలవారు పట్టుకొని ప్రభుత్వపరము చేసిన పాత వాహనములను నలుగురి ఎదుట పాడించి, హెచ్చుపాట పాడినవారికి అమ్మే పద్ధతి. ఆంధ్రప్రదేశ్‌లోని పూర్వపు కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతమైన జగ్గయ్యపేట, నందిగామలలో ఇటువంటి పాటలకు ప్రత్యేకమైన నేపథ్యము ఉన్నది. ఈ రెండు పట్టణములు 2022 ఏప్రిల్ 4 నుండి ఎన్.టి.ఆర్. జిల్లాలో ఉన్నవి. తక్కువ ధరకు మోటారు సైకిలో, ఆటోయో, ట్రాలీయో దొరుకునన్న ఆశతో చిన్న వ్యాపారులు, రైతులు, మెకానిక్కులు ఈ పాటలకు వస్తారు. అయితే ఇక్కడ కొనేది ఇనుము మాత్రమే కాదు. ఆ ఇనుమును రోడ్డు మీద నడుపుకొనే హక్కును ఇచ్చే కాగితములు చేతికి రానియెడల, పాటలో మిగిలిన సొమ్ము తరువాత పోయే సొమ్ముకు చాలదు.

పేరు, పదజాలము

వేలము అనే మాట పోర్చుగీసు భాష నుండి దక్షిణ భారత భాషలలోనికి వచ్చినదని, హిందీలోని నీలామ్ కూడా ఆ మూలమునకు చెందినదేనని చెబుతారు. పాడుట అనే క్రియ మాత్రము అచ్చ తెలుగు. ధర చెప్పేవాడు పాటదారు, అందరికంటె ఎక్కువ చెప్పినది హెచ్చుపాట. పాటలో పాల్గొనుటకు ముందుగా కట్టవలసిన సొమ్మును ధరావతు అంటారు. అధికారి తన తరఫున మొదట ప్రకటించే కనీస ధరకు సర్కారువారి పాట అని పేరు. 2022లో ఇదే పేరుతో వచ్చిన తెలుగు చలనచిత్రము వలన ఈ మాట కొత్త తరమునకు కూడా పరిచితమైనది. ఆ కథకు వాహనాల పాటతో సంబంధము లేదు.

ఈ ప్రాంతములో ఎందుకు

జగ్గయ్యపేట హైదరాబాదు-విజయవాడ జాతీయ రహదారి మీద ఉన్నది. ఒకప్పుడు 9వ నంబరుగా ఉన్న ఈ రహదారికి ఇప్పటి సంఖ్య 65. 2014 జూన్ 2న రాష్ట్రము విడిపోయిన తరువాత జగ్గయ్యపేట మండలములోని గరికపాడు సరిహద్దు గ్రామమైనది. అవతల తెలంగాణలోని కోదాడ. వత్సవాయి వైపు వెళ్ళితే ఖమ్మం జిల్లా. ప్రధాన రహదారి మీద తనిఖీ కేంద్రము ఉన్నను, పల్లెల మధ్య పొలముల బాటలు పాతవే. అన్నదమ్ముల పొలములే కొన్నిచోట్ల చెరొక రాష్ట్రములో ఉన్నవి.

2019 అక్టోబరు 1 నుండి ఆంధ్రప్రదేశ్‌లో మద్యము దుకాణములను ప్రభుత్వమే నడిపినది. ధరలు పెరిగినవి, 2020 మే నెలలో మరింత పెంచినారు. అప్పటికి తెలంగాణలో ప్రైవేటు దుకాణములు, వేరు ధరలు, వేరు రకములు. ఈ తేడా వలన సరిహద్దు దాటి సీసాలు తెచ్చుట ఒక వృత్తిగా మారినది. లారీలు, కార్లు అటుంచి, సీటు కింద, పెట్రోలు ట్యాంకు పక్కన సీసాలు దాచిన మోటారు సైకిళ్ళు కూడా పట్టుబడేవి. అదే 2020 మేలో ఏర్పడిన స్పెషల్ ఎన్‌ఫోర్స్‌మెంట్ బ్యూరో మద్యముతో పాటు ఇసుక అక్రమ రవాణాను కూడా చూచేది. ఆ సంస్థను 2024 సెప్టెంబరులో రద్దు చేసినారు. 2024 అక్టోబరు 16 నుండి దుకాణములు మరల ప్రైవేటువారి చేతికి వచ్చినవి. పట్టిన సీసాలను రోడ్డు రోలరుతో తొక్కించి నాశనము చేయవచ్చును గాని వాహనములను అట్లు చేయరు. అవి స్టేషను ఆవరణలో నిలిచిపోతవి.

వాహనము పాటకు వచ్చే దారి

వాహనమును పట్టుకొన్నంత మాత్రమున అది ప్రభుత్వపు సొత్తు కాదు. దీనిని చాలామంది గమనించరు. పట్టుకొనుట ఒకటి, జప్తు ఉత్తర్వు మరొకటి. ఆంధ్రప్రదేశ్ ఎక్సైజు చట్టము, 1968 కింద అధికారము గల ఎక్సైజు అధికారి విచారించి జప్తు ఉత్తర్వు ఇవ్వవచ్చును. రేషను బియ్యము వంటి సరుకులతో పట్టుబడిన వాహనములకు నిత్యావసర సరుకుల చట్టము, 1955 వర్తిస్తుంది. ఈ చట్టము ప్రకారము యజమానికి నోటీసు ఇచ్చి, అతని మాట వినవలెను. తనకుగాని, తన మనిషికిగాని, వాహనము నడిపినవానికిగాని తెలియకుండ ఆ పని జరిగినదని, అందరును తగిన జాగ్రత్త తీసుకొన్నారని యజమాని నిరూపించినచో వాహనమును జప్తు చేయరాదు. అప్పీలుకు కూడా అవకాశము ఉన్నది. కిరాయికి ఇచ్చిన ట్రాలీ, చుట్టమునకు ఎరువిచ్చిన బండి పట్టుబడినప్పుడు ఈ నిబంధనయే దిక్కు. నోటీసు వచ్చినను వెళ్ళక, వకీలు ఖర్చు బండి విలువకంటె ఎక్కువని వదులుకొనేవారు కూడా ఉన్నారు. అటువంటి బండ్లే తరువాత పాటకు వస్తవి.

కేసు ముగిసేవరకు వాహనములను స్టేషనులలో తుప్పు పట్టనీయరాదని సుప్రీం కోర్టు 2002లో సుందర్‌భాయి అంబాలాల్ దేశాయి కేసులో చెప్పినది. పూచీకత్తు తీసుకొని యజమానికి ఇవ్వవలెనని, ఎవరును అడుగనిచో న్యాయస్థానము వేలమునకు ఉత్తర్వు ఇవ్వవచ్చునని ఆ తీర్పు సారాంశము. 2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 497వ సెక్షను దీనికి గడువులు పెట్టినది: వస్తువు న్యాయస్థానము ముందుకు వచ్చిన 14 రోజులలో దాని వివరణ పత్రము తయారు చేయవలెను, ఫోటోలు లేదా వీడియో తీయించవలెను, ఆ తరువాత 30 రోజులలో దాని సంగతి తేల్చవలెను. స్టేషను గోడ పక్కన పిచ్చిమొక్కలు మొలిచిన బండ్లను చూచినవారికి ఈ గడువుల అవసరము వేరుగా చెప్పనక్కరలేదు.

పాట జరిగే తీరు

తేదీ, స్థలము, వాహనముల జాబితా, ధరావతు మొత్తము ప్రకటనలో ఇస్తారు. పాటకు ముందు వాహనములను చూచుకొనుటకు సమయము ఇవ్వబడుతుంది. ధరావతు కట్టి, గుర్తింపు కార్డు చూపినవారి పేర్లు నమోదు చేసుకొంటారు. ఆపై ఒక్కొక్క బండి వద్ద సర్కారువారి పాట చెప్పి మొదలుపెడతారు. ఇక పెంచేవారు లేనప్పుడు ఒకటోసారి, రెండోసారి, మూడోసారి అని పిలిచి ముగిస్తారు.

వస్తు విక్రయ చట్టము, 1930 యొక్క 64వ సెక్షను ప్రకారము పాట ముగిసినట్లు ప్రకటించువరకు పాటదారు తన మాటను వెనుకకు తీసుకొనవచ్చును. ముగిసిన తరువాత వెనుకాడినచో ప్రకటనలోని షరతుల మేరకు ధరావతు పోతుంది. అదే సెక్షను మరొక రక్షణ కూడా కల్పిస్తున్నది: ధర పెంచుటకు అమ్మేవారే దొంగ పాట పాడించినచో కొన్నవారు ఆ అమ్మకమును రద్దు చేసుకొనవచ్చును. సర్కారు పాటలలో సాధారణముగా పై అధికారి ఖరారు చేసిన తరువాతనే అమ్మకము పూర్తి అయినట్లు లెక్క. కాబట్టి మూడోసారి అని వినగానే బండికి పూలదండ వేయుట తొందరపాటు.

పాటదారులు ముందే కూడి, ఒకరు తప్ప మిగిలినవారు నోరు మెదపకుండ ఒప్పందము చేసుకొనుట కూడా ఉన్నది. వాడుకలో దీనిని సిండికేటు అంటారు. బయట మరల తమలో తాము పాడుకొని, వచ్చిన తేడాను పంచుకొంటారు. పోటీ చట్టము, 2002 మూడవ సెక్షను ఇటువంటి కుమ్మక్కును నిషేధించినది. కొత్తగా వచ్చిన ఒంటరి కొనుగోలుదారును భయపెట్టుటకు ధరను అనవసరముగా పైకి ఎత్తి, అతని మీద వదలివేయుట వీరి మరొక ఎత్తు. ఎంతవరకు పాడవలెనో ఇంటివద్దనే కాగితము మీద వ్రాసుకొని వచ్చినవానిని ఇది ఏమియు చేయలేదు.

బండిని చూచుట

ప్రకటనలలో ఉన్నది ఉన్నట్లుగా, ఉన్నచోటనే అమ్మబడునని వ్రాస్తారు. అనగా తరువాత లోపము కనబడినచో శాఖకు బాధ్యత లేదు. తోలి చూచుటకు వీలుండదు. తరచు ఇంజను కూడా తిప్పి చూపరు. కాబట్టి కంటితో, చేతితో తెలుసుకొనవలసినదే.

మెట్ట ప్రాంతపు ఎండలు వాహనమునకు నడకకంటె ఎక్కువ హాని చేస్తవి. రెండు మూడు వేసవులు నిలిచిన బండికి టైర్ల పక్కగోడలు బీటలు వారుతవి. గాలి నింపిన నాడు బాగున్నట్లే ఉండి బరువు పడగానే పగులుతవి. బ్యాటరీ పనికిరాదు. ట్యాంకులోని పెట్రోలు ఆవిరియై మిగిలినది జిగురుగా మారి కార్బ్యురేటరు రంధ్రములను మూసివేస్తుంది. ట్యాంకు మూత తీసి, టార్చి వేసి లోపల తుప్పు చూడవలెను. కిక్కు రాడ్డును చేతితో మెల్లగా నొక్కినప్పుడు కదలనిచో పిస్టను సిలిండరుకు పట్టుకొన్నదని అర్థము. ఆ బండి ధరను తుక్కు ధరగానే లెక్కించవలెను. నూనె పుల్లకు అంటిన ఆయిలు పాలవలె తెల్లగా ఉన్నచో లోపలికి నీరు దిగినది. కార్లు, ట్రాలీలలో ఎలుకలు కొరికిన వైర్లు సాధారణము. బ్యాటరీ, స్టెప్నీ, కాయిలు వంటి విడిభాగములు అసలు ఉన్నవో లేవో జాబితాతో సరిచూడవలెను.

వీటన్నిటికంటె ముఖ్యమైనది ఛాసిస్ నంబరు. దానిమీద పలుచని కాగితము పెట్టి పెన్సిలుతో రుద్దిన అచ్చు వచ్చును. అక్షరములు ఎగుడుదిగుడుగా ఉన్నను, అరగదీసి మరల కొట్టినట్లున్నను ఆ బండిని వదలివేయుట మేలు.

కాగితములు

వేలములో కొన్న వాహనము పేరు మార్పిడికి కేంద్ర మోటారు వాహనముల నియమావళి, 1989లోని 57వ నియమము, 32వ నంబరు ఫారము ఉన్నవి. మామూలు అమ్మకములో వాడే 29, 30 ఫారములు ఇక్కడ పనికిరావు, ఏలయనగా పాత యజమాని సంతకము దొరకదు. వాహనము చేతికి వచ్చిన 30 రోజులలో రవాణా శాఖ కార్యాలయములో ఈ ఫారము ఇవ్వవలెను. రిజిస్ట్రేషను పత్రము, బీమా పత్రము, అమ్మకము ఖరారైనట్లు వేలము జరిపిన అధికారి సంతకముతో ఇచ్చిన ధ్రువపత్రము, వేలమునకు అనుమతించిన ప్రభుత్వ ఉత్తర్వు నకలు దీనికి జతపరచవలెను. చివరి రెండింటిని సొమ్ము చెల్లించిన దినముననే అడిగి తీసుకొనుట మంచిది. ఆ అధికారి బదిలీ అయిన తరువాత తిరిగినచో ఎన్ని మాసములు పట్టునో చెప్పలేము. నంబరు లేని బండి, లేదా విచారణలో తప్పుడు నంబరని తేలిన బండి అయినచో, 57వ నియమము ప్రకారము మొదట వేలము జరిపిన శాఖ పేరున కొత్త నంబరు ఇచ్చి, తరువాత కొన్నవారి పేరునకు మారుస్తారు.

ఈ సరిహద్దులో మరొక చిక్కు ఉన్నది. పట్టుబడిన బండ్లలో తెలంగాణ నంబరువి కూడా ఉంటవి. 2024 మార్చి వరకు టి.ఎస్., ఆ తరువాత టి.జి. అక్షరములతో వచ్చిన నంబర్లు ఇవి. వేరే రాష్ట్రపు బండిని ఇక్కడ శాశ్వతముగా నడుపుకొనుటకు అక్కడి కార్యాలయము నుండి నిరభ్యంతర పత్రము తేవలెను, ఇక్కడ జీవితకాలపు పన్ను కట్టవలెను. ఉదాహరణకు, పాటలో పదునాలుగు వేలకు వచ్చిన మోటారు సైకిలుకు ఆరువేలు మరమ్మత్తు, ఆపై పన్ను, బీమా, రుసుములు, కోదాడకో ఖమ్మమునకో తిరుగు ప్రయాణములు కలుపుకొన్నచో, కాగితములన్నియు ఉన్న పాత బండి బజారులోనే అదే ధరకు దొరకవచ్చును. ఆంధ్రప్రదేశ్ నంబరు బండి నూరు రూపాయలు ఎక్కువైనను చౌక అని అనుభవజ్ఞులు అనుట ఇందువలననే.

నంబరును ముందుగా పరివాహన్ వెబ్‌సైటులోగాని, ఎం-పరివాహన్ అనువర్తనములోగాని చూచినచో రిజిస్ట్రేషను గడువు, బీమా, ఫైనాన్సు సంస్థ పేరు తెలియును. ఫైనాన్సు బాకీ నమోదై ఉన్నచో, దానిని తొలగించు బాధ్యత ఎవరిదో పాటకు ముందే అధికారిని అడుగవలెను. జప్తు ఉత్తర్వు మీద అప్పీలు పెండింగులో ఉన్నదా అనునది కూడా అడుగదగిన ప్రశ్నయే. రిజిస్ట్రేషను పదునైదు సంవత్సరములు దాటినచో పునరుద్ధరణకు 2022 ఏప్రిల్ 1 నుండి పెరిగిన రుసుములు వర్తిస్తవి.

బీమా లేని బండిని వేలము స్థలము నుండి ఇంటికి తోలుకొని పోవుట మోటారు వాహనముల చట్టము, 1988 యొక్క 146వ సెక్షనుకు విరుద్ధము. కొన్నవారు సాధారణముగా ట్రాలీ ఆటోలో వేసుకొని పోతారు. రెండు మూడు బండ్లు కొన్నవారు కలిసినచో కిరాయి కలిసి వస్తుంది.

ప్రభుత్వ శాఖల సొంత వాహనములు

జప్తు వాహనములతో పాటు, శాఖలు వాడి పక్కన పెట్టిన జీపులు, వ్యానులు కూడా ఒకప్పుడు ఇట్లే పాటకు వచ్చేవి. మెట్ట ఊళ్ళలో పాత సర్కారు జీపును కొని మిరపకాయల బస్తాలకు వాడుకొన్న రైతులు ఉన్నారు. 2023 ఏప్రిల్ 1 నుండి పదునైదు సంవత్సరములు దాటిన ప్రభుత్వ వాహనముల రిజిస్ట్రేషను పునరుద్ధరింపబడదు. వాటిని నమోదైన తుక్కు కేంద్రములకే పంపవలెను. అటువంటి జీపును రోడ్డు మీద నడుపుకొనుటకు ఇప్పుడు ఎవరును కొనలేరు.