మెట్ట దారుల్లో జంట సైకిళ్లు
మున్నేటి నుంచి పాలేటి వరకు ఒక్క రోజు యాత్ర.. ఎండ, రహదారితోనే జాగ్రత్త

నందిగామ, జగ్గయ్యపేట: భర్త తొక్కుతుంటే భార్య వెనుక క్యారియర్‌పై కూర్చుని, ముందు కడ్డీపై బిడ్డతో తిరునాళ్లకు వెళ్లడం మెట్ట గ్రామాల్లో ఒకప్పుడు నిత్యం కనిపించిన దృశ్యం. మోపెడ్లు, మోటారు సైకిళ్లు వచ్చాక అది కనుమరుగైంది. ఇప్పుడు వ్యాయామం, విహారం పేరిట సైకిల్ తిరిగి దారికెక్కుతోంది. అయితే క్యారియర్‌పై కూర్చునే కాలం పోయింది. భార్యాభర్తలు చెరో సైకిల్‌పై ఒక రోజంతా తిరిగి క్షేమంగా ఇల్లు చేరాలంటే కొన్ని విషయాలు తెలిసి ఉండాలి.

దారి ఇదీ..
తూర్పున మున్నేరు, పడమర పాలేరు, దక్షిణాన కృష్ణానది. ఈ మూడింటి నడుమ ఎత్తుపల్లాలతో, సున్నపురాతి నేలతో, పత్తి, మిరప చేలతో పరచుకున్నదే ఈ మెట్ట. కృష్ణా జిల్లాలో భాగంగా ఉన్న ఈ ప్రాంతం 2022 ఏప్రిల్‌లో ఎన్టీఆర్ జిల్లాలో చేరింది. నందిగామ నుంచి జగ్గయ్యపేట 30 కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ. తిరుగు ప్రయాణంలో చిల్లకల్లు వద్ద దక్షిణానికి మళ్లి వేదాద్రి చూసి వస్తే మొత్తం 80 కిలోమీటర్ల వరకు అవుతుంది. ఉదయం పడమరకు వెళ్తారు కనుక ఎండ వీపున ఉంటుంది. సాయంత్రం తూర్పుకు మళ్లినప్పుడూ అంతే. ఎదురెండ బాధ తప్పుతుంది.

ధనంబోడు పిలుపు
జగ్గయ్యపేట పాత పేరు బేతవోలు. అమరావతి ప్రభువు వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు తండ్రి పేరిట దీనికి కొత్త పేరు పెట్టారు. పట్టణాన్ని ఆనుకుని ఉన్న ధనంబోడు గుట్టపై 1882లో జేమ్స్ బర్జెస్ బౌద్ధ స్తూపాన్ని వెలికితీశారు. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని 20వ పాలనా సంవత్సరంలో సిద్ధార్థుడనే శిల్పి ఇక్కడి మహాచైత్యానికి 5 ఆయక స్తంభాలు సమర్పించినట్లు శాసనం చెబుతోంది. అందులో ఈ చోటి పేరు వెలగిరి. ఇక్కడ లభించిన మాంధాత చక్రవర్తి శిల్పం చెన్నై మ్యూజియంలో ఉంది. వేదాద్రిలో కృష్ణ ఒడ్డున యోగానంద నరసింహస్వామి కొలువై ఉన్నారు. మధ్యాహ్నపు ఎండ తగ్గే వరకు ఆగడానికి అది అనువైన చోటు. నదిలో లోతుకు మాత్రం దిగరాదు.

గేరు గుట్టు
ముందు చైను చక్రానికి 44, వెనుక ఫ్రీవీల్‌కు 22 పళ్లు ఉంటే, పెడల్ ఒక చుట్టు తిరిగేసరికి వెనుక చక్రం రెండు చుట్లు తిరుగుతుంది. చక్రం చుట్టుకొలత సుమారు 2 మీటర్లు అనుకుంటే సైకిల్ 4 మీటర్లు సాగుతుంది. రెండు వైపులా 28 పళ్లే ఉంటే సాగేది 2 మీటర్లే. దూరం సగమైతే కాలిపై బరువూ సగమవుతుంది. అందుకే ఎత్తు మొదలు కాకముందే చిన్న గేరుకు మారాలి. గేర్లు లేని సైకిల్ అయితే దిగి నడిపించడం నామోషీ కాదు.

నెమ్మదిగా తొక్కేవారే ముందు
జంట ప్రయాణాల్లో తగాదా వచ్చేది వేగం దగ్గరే. బలమున్నవారు ముందు పోతే వెనుకవారు అందుకోవాలని శక్తికి మించి తొక్కి, మధ్యాహ్నానికే సొమ్మసిల్లుతారు. నెమ్మదిగా తొక్కేవారు ముందుంటే ఇద్దరూ కలిసే చేరతారు, వెనుకవారి కంటికి ముందువారు కనిపిస్తూ ఉంటారు. పానా, పంపు, పంక్చరు సామగ్రి, బరువు సంచి బలమున్నవారి సైకిల్‌కు కట్టాలి. గేర్ల సైకిళ్లకు ఊతమిచ్చిన ఫ్రెంచి యాత్రికుడు పాల్ ద వీవీ (1853-1930) ఆకలి కాకముందే తినాలని, దాహం వేయకముందే తాగాలని సూచించారు. వేసవిలో రాష్ట్రంలోని అధిక ఉష్ణోగ్రతల జాబితాలో తరచూ కనిపించే నందిగామకు ఆ మాట మరీ వర్తిస్తుంది. ఉప్పు కలిపిన మజ్జిగ, మంచినీరు విడివిడిగా ఇద్దరి వద్దా ఉండాలి. నవంబరు మధ్య నుంచి ఫిబ్రవరి వరకే ఈ యాత్రకు అనుకూలం.

రహదారితోనే ముప్పు
హైదరాబాద్-విజయవాడ 65వ నెంబరు జాతీయ రహదారిపై లారీలు, బస్సుల వేగం ఎక్కువ. అక్కడ పక్కపక్కన మాట్లాడుకుంటూ వెళ్లడం ప్రాణాంతకం. ఎడమ అంచున ఒకరి వెనుక ఒకరు సాగాలి. సర్వీసు రోడ్డు ఉన్నచోట దానినే వాడుకోవాలి. దూరం ఆదా అవుతుందని ఎదురు దిశలో రాకూడదు. హెల్మెట్, ముదురు కాని రంగు దుస్తులు, వెనుక ఎర్రదీపం తప్పనిసరి. చున్నీ, చీర కొంగు చక్రంలో పడకుండా బిగించుకోవాలి. పల్లె దారుల్లో ఆరబోసిన ధాన్యం, అంచుల వెంట కంకర దిగుడులో జారుస్తాయి. రెండు బ్రేకులూ మెల్లగా వేస్తూ, సైకిళ్ల మధ్య ఎడం పాటించాలి.

పొద్దు వాలకముందే నందిగామ చేరేలా లెక్క వేసుకోవాలి. ఆలస్యమైతే వేదాద్రి మరో ఆదివారానికి వాయిదా వేసుకోవచ్చు. నరసింహస్వామి ఎక్కడికీ పోడు. ఇంటి దగ్గర పిల్లలు ఎదురుచూస్తుంటారు.