మొసలి: నీళ్లలో ఒకటి, కథల్లో ఒకటి

మొసలి అనగానే మనలో చాలామందికి ముందు గుర్తుకొచ్చేది ఏరో మడుగో కాదు, కథ. ఏనుగు కాలు పట్టుకున్న మొసలి, కోతి గుండెకాయ కోరిన మొసలి, దొంగ ఏడుపు ఏడ్చే మొసలి. మన హాస్టల్లో నిజమైన మొసలిని జూలో తప్ప చూసినవాళ్లు తక్కువే. అయినా అది ఎలాంటిదని అడిగితే అందరూ టక్కున జవాబు చెబుతారు. క్రూరమైనది, మోసకారి, బుద్ధి తక్కువది అని. ఈ జవాబు మనకు మొసలిని చూస్తే వచ్చింది కాదు, కథలు వింటే వచ్చింది. కథలు చెప్పిన దానిలో నిజమెంత, చెప్పకుండా వదిలేసింది ఎంత అని చూడటానికే ఈ వ్యాసం. జీవశాస్త్రం చదివేవారికీ, తెలుగు పద్యాలు ఇష్టపడేవారికీ ఇద్దరికీ పనికొస్తుందని మా ఆశ.

మన దేశంలో మూడు రకాలు

మన దేశంలో మొసళ్లు మూడు రకాలు. మొదటిది మగర్. నదులు, చెరువులు, రిజర్వాయర్లలో ఉండే మంచినీటి మొసలి. సాధారణంగా మూడు నాలుగు మీటర్ల పొడవు పెరుగుతుంది. సంస్కృతంలోని 'మకరం' అన్న మాటే హిందీలో 'మగర్' అయింది. మన తెలుగు ప్రాంతాల్లో ఎక్కువగా కనిపించేది ఇదే. హైదరాబాద్‌కు తాగునీరు ఇచ్చిన మంజీరా మీద, సంగారెడ్డి దగ్గర 1978లో ఏర్పడిన అభయారణ్యం ఈ మొసళ్లకే పేరు పొందింది.

రెండోది ఉప్పునీటి మొసలి. సముద్రం, నది కలిసేచోట మడ అడవుల్లో ఉంటుంది. ప్రపంచంలో బతికి ఉన్న సరీసృపాలన్నిటిలో ఇదే పెద్దది. 2011లో ఫిలిప్పీన్స్‌లో పట్టుకున్న ఒక మొసలి పొడవు 6.17 మీటర్లు. మన దేశంలో ఒడిశాలోని భితరకనిక, బెంగాల్ సుందరవనాలు, అండమాన్ దీవులు వీటి నివాసాలు.

మూడోది ఘరియాల్. సన్నగా, పొడుగ్గా ఉండే మూతిలో వందకు పైగా పళ్లుంటాయి. పెద్దవైన మగవాటికి మూతి చివర చిన్న కుండలాంటి బుడిపె ఉంటుంది. హిందీలో 'ఘడా' అంటే కుండ. అందుకే ఆ పేరు. దీని ఆహారం చేపలు. మనుషులను వేటాడే జంతువు కాదు. కానీ కథల్లో మొసలికి వచ్చిన చెడ్డపేరు దీనికి కూడా అంటుకుంది.

ఆ శరీరం ఎలా పనిచేస్తుంది?

మొసలి పూర్వీకులు డైనోసార్ల కాలం నాటివి. సుమారు 6.6 కోట్ల సంవత్సరాల క్రితం డైనోసార్లు అంతరించినా మొసళ్లు మిగిలాయి. ఈనాడు బతికి ఉన్న జీవుల్లో వాటికి అతి దగ్గరి చుట్టాలు బల్లులు కావు, పక్షులు. మిగతా సరీసృపాలకు గుండెలో మూడు గదులుంటే మొసలికి పక్షిలాగా, మనలాగా నాలుగు గదులుంటాయి.

కళ్లు, ముక్కు రంధ్రాలు, చెవులు తల పైభాగాన ఒకే వరుసలో ఉంటాయి. అందుకే ఒళ్లంతా నీళ్లలో దాచుకుని కూడా చూడగలదు, వినగలదు, ఊపిరి పీల్చగలదు. గొంతు దగ్గర ఒక కవాటం ఉంటుంది. అది మూసుకుంటే నీళ్లలో నోరు తెరిచినా నీరు లోపలికి పోదు. కంటికి అడ్డంగా జారే పారదర్శకమైన మూడో రెప్ప ఉంటుంది. నాలుక నోటి అడుగుకు అతుక్కుని ఉండటం వల్ల బయటికి చాపలేదు.

దవడ విషయం చూడండి. మూసే కండరాలు చాలా బలమైనవి. 2012లో ప్రచురించిన కొలతల్లో ఒక ఉప్పునీటి మొసలి కాటు బలం 16,414 న్యూటన్లని తేలింది. అంటే దాదాపు 1,670 కిలోల బరువు పడినట్టు. కానీ తెరిచే కండరాలు బలహీనం. మూసిన నోటిని గట్టి తాడుతో కట్టేస్తే తెరవలేదు. దాని పళ్లు పట్టుకోవడానికే గానీ నమలడానికి పనికిరావు. అందుకే వేటను పట్టుకుని నీళ్లలో గిరగిరా తిరిగి ముక్క తెంచుకుంటుంది. మనకు భయంకరంగా కనిపించే ఆ పని దాని పాలిట భోజనం చేసే పద్ధతి మాత్రమే.

ఒడ్డున నోరు తెరుచుకుని పడుకున్న మొసలి కోపంగా ఉందని అనుకుంటాం. చాలాసార్లు అది వేడి తగ్గించుకుంటూ ఉంటుంది. మొసలి శీతల రక్త జీవి. ఒంటి వేడి కోసం ఎండ మీద ఆధారపడుతుంది కాబట్టి తిండి కూడా తక్కువే కావాలి. పెద్ద మొసలి నెలల తరబడి తినకుండా ఉండగలదు.

గుడ్డు, తల్లి, తండ్రి

మగర్ మొసలి ఎండాకాలం మొదట్లో ఒడ్డున గుంట తవ్వి సుమారు 25 నుంచి 30 గుడ్లు పెడుతుంది. రెండు నెలలకు పిల్లలు వస్తాయి. పిల్ల ఆడదా మగదా అన్నది గుడ్డు ఉన్న చోటి వేడి నిర్ణయిస్తుంది. 28 నుంచి 31 డిగ్రీల దాకా ఉంటే అన్నీ ఆడపిల్లలే. 32.5 డిగ్రీల దగ్గర మగపిల్లలు. ఇంకా పెరిగితే రెండూ కలిసి. ఒకటి రెండు డిగ్రీల తేడాతో ఒక తరం తీరే మారిపోతుంది. భూమి వేడెక్కడం గురించి శాస్త్రవేత్తలు దిగులుపడే కారణాల్లో ఇదొకటి.

పొదిగే సమయానికి పిల్లలు గుడ్డులోంచే కూస్తాయి. ఆ కూత విని తల్లి గుంట తవ్వి, పిల్లలను నోట కరుచుకుని నీళ్లలోకి చేరుస్తుంది. 1,600 కిలోల బలంతో కొరికే జాతి నోట్లోనే పిల్లలు గీత పడకుండా ప్రయాణం చేస్తాయి. మద్రాసు దగ్గర రోములస్ విటేకర్, జై విటేకర్ 1976లో స్థాపించిన మొసళ్ల కేంద్రంలో మగ మగర్ మొసళ్లు కూడా పిల్లలను మోసుకెళ్లడం గమనించి 1980లలో రాశారు. పిల్లల పెంపకంలో తండ్రికి పని లేదనుకునే మనుషులు చదవాల్సిన సంగతి ఇది.

గజేంద్రుడి మడుగులో

ఇక కథల్లోకి వద్దాం. తెలుగు వాళ్లకు మొసలి అంటే పోతన భాగవతంలోని గజేంద్ర మోక్షమే. త్రికూట పర్వతం మీద సరస్సులో ఏనుగుల రాజు దిగడం, మకరి కాలు పట్టడం, వేయి సంవత్సరాల పోరు, విష్ణువు చక్రం వేయడం మనకు తెలిసిందే. కానీ మనం ఎక్కువగా పట్టించుకోని మాటలు రెండున్నాయి. ఒకటి, మొసలి ఏనుగు ఇంటికి వెళ్లలేదు. ఏనుగే మందతో వచ్చి దాని మడుగును కలచివేసింది. రెండు, చక్రం తగిలిన మొసలికీ శాప విమోచనం దొరికింది. అది పూర్వజన్మలో హూహూ అనే గంధర్వుడు. నీళ్లలో ఉన్న దేవల మహర్షి కాలు సరదాకి లాగి శాపం పొందాడు. మోక్షం గజేంద్రుడిదని పేరైనా, కథ ఇద్దరినీ విడిపించింది.

ప్రకృతిలో మాత్రం ఈ పోరు ఇలా సాగదు. మొసలి బలం క్షణాల బలం. ఒక్కసారిగా విరుచుకుపడుతుంది, త్వరగా అలసిపోతుంది. ఎక్కువసేపు పెనుగులాడితే కండరాల్లో లాక్టిక్ ఆమ్లం పేరుకుని మొసలి చనిపోవచ్చు కూడా. దాని అసలు గొప్ప పోరాటంలో లేదు, ఎదురుచూడటంలో ఉంది.

మహాభారతంలో ద్రోణుడు గంగలో స్నానం చేస్తుండగా మొసలి పట్టుకుంటే అర్జునుడు బాణాలతో విడిపించాడు. శంకరాచార్యుల కథలో కాలడి దగ్గర ఏటిలో మొసలి పట్టుకున్నప్పుడే తల్లి సన్యాసానికి ఒప్పుకుంది. ఈ కథలన్నిటిలో మొసలి చేసే పని ఒకటే. మనిషిని ఒక నిర్ణయం దగ్గర నిలబెట్టడం. మొసలి గురించి ఆ కథలు పెద్దగా చెప్పవు, పట్టుబడినవాడి గురించి చెబుతాయి.

కోతి కథలో తెలివితక్కువ మొసలి

పంచతంత్రంలో, జాతక కథల్లో మొసలి వేరే వేషం వేస్తుంది. భార్య కోరిందని స్నేహితుడైన కోతి గుండె తేవడానికి బయలుదేరి, గుండె చెట్టు మీద మరిచిపోయానని కోతి అంటే నమ్మి ఒడ్డుకు చేరుస్తుంది. కథ బాగుంటుంది. నీతీ బాగుంటుంది. కానీ మొసలి అంత అమాయకురాలు కాదు. అదే మద్రాసు కేంద్రంలో కొంగలు గూళ్లు కట్టుకునే రోజుల్లో మగర్ మొసళ్లు మూతి మీద పుల్లలు పెట్టుకుని కదలకుండా తేలుతున్నాయని 2013లో పరిశోధకులు ప్రకటించారు. గూటికి పుల్ల దొరికిందని వచ్చిన కొంగ దొరికిపోతుంది. పక్షులకు పుల్లలు ఎప్పుడు కావాలో తెలుసుకుని ఎర వేయడం తెలివి కాక మరేమిటి?

'మొసలి కన్నీరు' సంగతి కూడా చెప్పుకోవాలి. మొసలి కంట నీరు రావడం నిజమే. 2007లో అమెరికాలోని ఫ్లోరిడాలో మొసలి జాతికి చెందిన ఏడు జంతువులకు నీళ్ల బయట తిండి పెట్టి చూస్తే అయిదింటికి తింటుండగా కన్నీళ్లు వచ్చాయి. కొన్నిటికి నురగ కూడా. తినేటప్పుడు బుసకొడుతూ వదిలే గాలి కన్నీటి గ్రంథులను నొక్కడం కారణం కావచ్చని వారి అభిప్రాయం. అందులో దుఃఖం లేదు, నటనా లేదు. నటించేది మనిషి, పేరు మొసలిది.

మొక్కే ఊళ్లు

అందరూ మొసలిని శత్రువుగా చూడలేదు. గంగాదేవి వాహనం మకరం. గుజరాత్‌లో ఖోడియార్ మాత మొసలి మీద కూర్చుని ఉంటుంది. అక్కడి చరోతర్ ప్రాంతపు ఊళ్లలో చెరువుల్లో మగర్ మొసళ్లుంటాయి. అదే చెరువులో బట్టలు ఉతుకుతారు, పశువులకు నీళ్లు పెడతారు. గోవాలో ఉప్పునీటి పొలాల రైతులు ఏడాదికోసారి బంకమట్టితో మొసలి బొమ్మ చేసి పూజిస్తారు. భయాన్ని వాళ్లు భక్తిగా మార్చుకున్నారు. భక్తి వల్ల జాగ్రత్త అలవాటైంది.

చంపడం, కాపాడటం

కథల కంటే ఎక్కువ హాని చేసింది వ్యాపారం. చెప్పులకు, బెల్టులకు, సంచులకు తోలు కోసం మొసళ్లను వేలాదిగా చంపారు. 1970ల నాటికి మన దేశంలో ఘరియాల్ రెండు వందలకు లోపే మిగిలిందని అంచనా. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించింది. 1975లో ఐక్యరాజ్యసమితి సంస్థల సాయంతో మొసళ్ల సంరక్షణ పథకం మొదలైంది. గుడ్లను సేకరించి పొదిగించడం, పిల్లలను మీటరు దాటేదాకా పెంచి నదుల్లో వదలడం పద్ధతి. దీనికోసం సిబ్బందికి శిక్షణ ఇచ్చే జాతీయ కేంద్రం హైదరాబాద్‌లోనే నడిచింది. ఫలితం భితరకనికలో కనిపిస్తుంది. 1975 ప్రాంతంలో వందకు లోపున్న ఉప్పునీటి మొసళ్లు 2020ల లెక్కల్లో 1,700 దాటాయి.

రేవుకు వెళ్లేది ఎవరు?

ఇక్కడే ఒక ప్రశ్న ఉంది. మొసళ్లు పెరిగిన చోట మనుషులూ చనిపోతున్నారు. భితరకనిక చుట్టుపక్కల ఊళ్లలో ఇది తరచుగా వినే వార్త. మొసలికి కులం తెలియదు, ఆస్తి తెలియదు. కానీ తెల్లవారుజామున రేవులో ఉండేది ఎవరు? బట్టలు ఉతికే ఆడవాళ్లు, చేపలు పట్టేవాళ్లు, బర్రెలు కడిగే పిల్లలు, ఇంట్లో మరుగుదొడ్డి లేనివాళ్లు. కుళాయి ఉన్న ఇంటికి మొసలి ఒక కథ. కుళాయి లేని ఇంటికి అది రోజూ ఉండే లెక్క.

మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చింది మేమే మొదలు. మా ముందు తరాలు చదివింది నీళ్లనే. రోజూ ఒకే వేళకు ఒకే చోట దిగొద్దని మా నాయనమ్మ అనేది. మొసలి మన అలవాట్లు గమనిస్తుందని పుస్తకాల్లో చదివినప్పుడు ఆ మాట విలువ తెలిసింది. కాబట్టి మొసలిని చంపాలా, మనిషిని వదిలేయాలా అన్నది సరైన ప్రశ్న కాదు. ఒడిశాలో స్నానాల రేవుల చుట్టూ కంచెలు వేస్తున్నారు. ఊరికి కుళాయి, ఇంటికి మరుగుదొడ్డి, రేవుకు కంచె ఉంటే ఇద్దరూ బతుకుతారు. మనం చేయగలిగినవి కూడా కొన్ని ఉన్నాయి:

1. మొసళ్లున్న నీళ్లలో చీకట్లో, సందె వేళ దిగకూడదు.
2. చేపలు, మాంసం కడిగిన వ్యర్థాలు రేవులో వేయకూడదు.
3. ఎండాకాలంలో ఒడ్డున గుడ్లున్న చోటికి వెళ్లకూడదు. తల్లి దగ్గరే ఉంటుంది.
4. పొలంలోకి, చెరువులోకి మొసలి వస్తే రాళ్లు వేయకుండా అటవీ శాఖకు చెప్పాలి.

చివరి మాట

నీళ్లలో ఏనుగును పట్టే మొసలి ఒడ్డున కుక్కకు లొంగిపోతుందని, అది చోటు ఇచ్చిన బలమని వేమన చెప్పిన పద్యం మనందరికీ తెలుసు. శాస్త్రం కూడా అదే అంటుంది. నది, ఎండ కాచుకునే గట్టు, గుడ్లు పెట్టే ఇసుక ఉంటేనే మొసలి మొసలి. ఇసుక తవ్వి లారీల్లో తరలించిన చోట ఘరియాల్ గుడ్డు పెట్టలేదు. దాన్ని ఎవరూ చంపనక్కర్లేదు, చోటు తీసేస్తే చాలు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! ఈ మాట మనకూ వర్తిస్తుంది. మన తాతలకు తెలివి లేక చదువు రాలేదా? కూర్చుని చదువుకునే చోటు లేక రాలేదు. ఈ హాస్టల్ గది, ఈ దీపం, ఈ రెండు పూటల అన్నం మనకు ఎవరో పెట్టిన దానం కాదు. మనం నిలబడే చోటు. దాన్ని నిలుపుకుందాం. సెలవుల్లో ఇంటికి వెళ్లినప్పుడు చిన్నపిల్లలకు కోతి, మొసలి కథ తప్పకుండా చెప్పండి. చెప్పాక, పిల్లలను నోట్లో పెట్టుకుని నీళ్లకు చేర్చే తల్లి గురించి కూడా చెప్పండి.