వేగుచుక్క మీద నిప్పుల వాగు

తెల్లవారుజామున తూర్పున తళతళలాడే వేగుచుక్కను ఎన్నిసార్లు చూసినా నాకు ముచ్చటగానే వుంటుంది. అదే శుక్రగ్రహం. జాతకంలో శుక్రమహర్దశ పట్టిందంటే సిరిసంపదలు. శుక్రమూఢమి వచ్చిందంటే యింట్లో పెళ్ళిమాటలు ఆగిపోవలసిందే. మన బ్రతుకులతో యింతగా పెనవేసుకున్న ఆ గ్రహం దగ్గరకు వెళ్ళి చూస్తే ఏమున్నదో తెలుసునా? సాక్షాత్తు కొలిమి!

పరిమాణంలో అది మన భూమికి కవల తోబుట్టువు. భూమి అడ్డుకొలత 12,756 కిలోమీటర్లయితే, శుక్రుడిది 12,104. కాని అక్కడ నేల వేడి సుమారు 465 డిగ్రీల సెంటీగ్రేడు. సీసం పెడితే కరిగి పారుతుంది. గాలి ఒత్తిడి మనకున్న దానికి సుమారు 92 రెట్లు. పైన గంధకామ్లపు మేఘాలు. 1982 లో సోవియట్ రష్యావారు దింపిన వెనెరా 13 నౌక 127 నిమిషాలు పనిచేసి మూగబోయింది.

ఆ మేఘాల ముసుగు వల్ల పైనుంచి మామూలు కెమెరాకు నేల కనబడదు. అమెరికావారి మాగెల్లాన్ నౌక 1990 నుంచి రాడారు తరంగాలతో ముసుగును ఛేదించి నేల పటాలు తీసింది. లెక్కలేనన్ని అగ్నిపర్వతాలు, గడ్డకట్టిన లావా మైదానాలు బయటపడ్డాయి. అయితే అవి ఎప్పుడో చల్లారిన పొయ్యిలా, నివురుగప్పిన నిప్పులా? ఆ ప్రశ్న ముప్ఫై యేళ్ళపాటు తెగలేదు.

చిత్రమేమిటంటే, జవాబు ఆ పాత పటాలలోనే దాగి వున్నది. అలాస్కా విశ్వవిద్యాలయానికి చెందిన రాబర్ట్ హెరిక్, ఒకే చోటిని వేరువేరు సమయాల్లో తీసిన పటాలను ముందు పెట్టుకుని, సుమారు 200 గంటలు కంటితోనే పోల్చి చూశాడు. పత్రికలలో పిల్లలకు "ఈ రెండు బొమ్మలలో తేడాలు కనుక్కోండి" అని యిస్తారే, అచ్చంగా అదే పని! మాత్ మోన్స్ అనే మహాపర్వతం దగ్గర ఒక బిలం 1991 ఫిబ్రవరిలో యించుమించు గుండ్రంగా, 2.2 చదరపు కిలోమీటర్లున్నది. అక్టోబరు నాటికి దాని ఆకారం చెదిరి, దాదాపు రెట్టింపయింది. రాడారు రెండుసార్లు వేరువేరు కోణాల నుంచి చూసింది కనుక అది కంటిభ్రమ కాకూడదా? స్కాట్ హెన్స్‌లీ అనే శాస్త్రజ్ఞుడు కంప్యూటరు మీద ఎన్నో ఆకారాలు కల్పించి చూశాడు. లావా కదలికే దీనికి తగిన కారణమని తేలింది. 2023 మార్చిలో ఈ సంగతి లోకానికి వెల్లడయింది.

మరుసటి యేడు, 2024 లో, యిటలీ శాస్త్రజ్ఞులు అవే పటాలలో మరో రెండు చోట్ల, సిఫ్ మోన్స్ వాలులోనూ, నియోబే మైదానంలోనూ, 1990 – 92 మధ్య కొత్తగా పారిన లావా జాడలు కనుక్కున్నారు.

ఎక్కడి నిప్పో మనకెందుకండీ అంటారేమో. నన్ను ఆలోచనలో పడవేసింది ఒకటున్నది. అగ్నిపర్వతాలు బొగ్గుపులుసు వాయువును కక్కుతాయి, అక్కడా యిక్కడా కూడాను. మన భూమి మీద వానలు, సముద్రాలు దాన్ని కరిగించుకుని రాయిగా మార్చివేశాయి. మన పల్నాటి సున్నపురాయిలో బందీగా వున్నది ఆ వాయువే. శుక్రుడి మీద సముద్రం లేదు. వాయువంతా గాలిలోనే నిలిచిపోయింది. అక్కడి గాలిలో నూటికి 96 పాళ్ళు అదే. అది దుప్పటిలా కప్పి, వేడిని బయటికి పోనివ్వడంలేదు. నీరే లేకపోతే మన గతి ఏమయ్యేదో ఆ తోబుట్టువును చూసి తెలుసుకోవచ్చు.

శుక్రుడి మీది స్థలాలకు చాలామటుకు స్త్రీల పేర్లే. అక్కడ రెండు పెద్ద అగ్నిపర్వత బిలాలున్న ఒక పీఠభూమికి మన లక్ష్మీదేవి పేరు పెట్టారు. శుక్రుడి చుట్టూ తిరిగే మన నౌకకు 2024 సెప్టెంబరులో కేంద్ర మంత్రివర్గం 1,236 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. 2028 మార్చిలో ప్రయోగించాలని అప్పుడు సంకల్పం చెప్పుకున్నారు. దీనికీ ముహూర్తం వున్నది సుమండీ! భూమీ శుక్రుడూ అనువుగా కలిసివచ్చే అదను సుమారు 19 నెలలకు ఒక్కసారే వస్తుంది. మూఢమితో మాత్రం పనిలేదు.