సిలిండర్ బాల్కనీలోనే ఉంది, మరి విషం ఎక్కడిది?

చలికాలం వచ్చిందంటే పేపర్లో ఈ తరహా వార్త కనిపిస్తూనే ఉంటుంది. స్నానానికి వెళ్లిన మనిషి ఎంతకీ బయటికి రాకపోతే తలుపు పగలగొడతారు. లోపల స్పృహ లేకుండా పడి ఉంటారు. ‘గ్యాస్ గీజర్ లీకై మృతి’ అని శీర్షిక పెట్టేస్తారు. చాలాసార్లు అక్కడ లీకేమీ ఉండదు. ఈ లీకు కథను నమ్మి జనం చేసుకుంటున్న ఏర్పాట్లే అసలు ముప్పు.

వార్త చదివిన ఇంటాయన సిలిండర్‌ను బాల్కనీలోకి మారుస్తాడు. కొత్త ట్యూబు, కొత్త రెగ్యులేటర్ బిగిస్తాడు. జాయింట్ల దగ్గర సబ్బు నురగ రాసి, బుడగలు రాలేదని తృప్తి పడతాడు. ఆ తర్వాత చలిగాలి కొడుతోందని వెంటిలేటర్‌కు అట్టముక్క అడ్డం పెట్టి, తలుపు గడియ వేసుకుని స్నానానికి దిగుతాడు.

ప్రమాదం అక్కడ మొదలవుతుంది.

ఎల్పీజీకి గాలి సరిపడా అందితే శుభ్రంగా మండుతుంది. చాలకపోతే అరకొరగా కాలి కార్బన్ మోనాక్సైడ్‌ను పుట్టిస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌కు ఆక్సిజన్ కన్నా రెండు వందల రెట్లకు పైగా గట్టిగా అంటుకుంటుంది. ‘ఏదైనా అయితే కంపు కొడుతుంది కదా’ అన్న ధీమా ఇక్కడ పనికిరాదు. గ్యాస్‌కు వాసన కోసం కలిపే ఇథైల్ మెర్కాప్టాన్ మంటలోనే కాలిపోతుంది.

ఇక గాలి లెక్క. నిమిషానికి ఆరు లీటర్ల వేడినీళ్లిచ్చే చిన్న గీజర్ మంట దాదాపు 10 నుంచి 12 కిలోవాట్లు. అంటే వంటింటి స్టవ్ బర్నర్లు నాలుగైదు ఒకేసారి పెద్దమంట మీద పెట్టినట్టు. ఆ లెక్కన గంటకు కిలో దాకా ఎల్పీజీ కాలుతుంది. కిలో గ్యాస్ మండడానికి సుమారు 12 ఘనపు మీటర్ల గాలి కావాలి. ఐదడుగులు బై ఏడడుగుల అపార్ట్‌మెంట్ బాత్రూంలో నేల నుంచి కప్పు దాకా కొలిచినా తొమ్మిది ఘనపు మీటర్లు ఉండదు. అన్నీ బిగించి పావుగంట వాడితే అందులోని ఆక్సిజన్ మూడో వంతు దాకా మంటకే పోతుంది. అంతకంటే ముందే నీలిమంట కొసలు పసుపెక్కుతాయి, బర్నర్ మీద మసి పడుతుంది. తలకు షాంపూ రాసుకుంటున్న మనిషి అది చూడడు.

బ్రిటన్‌లో 1998 నాటి గ్యాస్ భద్రతా నిబంధనల ప్రకారం, గాలిని బయటి నుంచే తీసుకుని పొగను బయటికే వదిలే సీల్డ్ పరికరాన్ని తప్ప మరే గ్యాస్ పరికరాన్నీ బాత్రూంలో బిగించకూడదు. ఇక్కడ షవర్ పక్కనే గోడకు రెండు స్క్రూలు కొట్టి తగిలించేస్తారు.

‘మాకు పొగగొట్టం ఉంది’ అంటారు. ఉంది సరే, ఎక్కడికి వెళ్తోంది? వంకరలు తిరిగిన అల్యూమినియం పైపు ఫాల్స్ సీలింగ్ మీదుగా వెళ్లి డక్టులో తేలుతుంది. పై అంతస్తుల బాత్రూం కిటికీలన్నీ తెరుచుకునేది ఆ డక్టులోకే. గదిలోకి గాలి వచ్చే దారి లేకపోతే ఎంత మంచి గొట్టమైనా పొగను లాగలేదు. ఆ మూసిన గదిలో ఎగ్జాస్ట్ ఫ్యాన్ కూడా వేస్తే, పోవాల్సిన పొగ గొట్టంలోంచి వెనక్కి వస్తుంది.

‘ఆటోకట్ ఉంది’: అది మంట ఆరితే గ్యాస్‌ను ఆపుతుంది, గాలిలో విషాన్ని కొలవదు. ‘ఈ విషవాయువు నేల మీదే పేరుకుంటుంది’: దాని బరువు ఇంచుమించు గాలి బరువే, గదంతా పరుచుకుంటుంది. ‘పెద్ద బ్రాండు కొన్నాం’: సంతోషం.

‘పాత ఇంట్లో పదేళ్లు వాడాం, ఏమీ కాలేదు’ అనే మాటను మాత్రం కొంత ఒప్పుకోక తప్పదు. ఆ బాత్రూంకు అద్దాల పలకల వెంటిలేటర్ ఉండేది, తలుపు కింద రెండు వేళ్ల సందు ఉండేది, కొన్నిచోట్ల పైన రేకులే. ఎవరూ అనుకోకుండానే గాలి ఆడేది. అదే గీజర్‌ను రబ్బరు బీడింగ్ ఉన్న యూపీవీసీ కిటికీ గదిలోకి తెస్తే ఆ పదేళ్ల అనుభవం అక్కరకు రాదు.

గీజర్‌ను బాత్రూం బయట, గాలి ఆడే యుటిలిటీలోనో బాల్కనీలోనో బిగించి, వేడినీళ్ల పైపును మాత్రమే లోపలికి తేవడం మేలు. ఇప్పటికే లోపల ఉంటే, మార్చే దాకా తలుపు తెరిచి బకెట్లు నింపుకుని, గీజర్ కట్టేసి, కాసేపు గాలాడనిచ్చాకే స్నానానికి వెళ్లాలి. అట్టముక్క ఈరోజే తీసేయాలి. పొగగొట్టం పైకి వాలుగా సాగి ఆరుబయటికి చేరాలి. ఏడాదికోసారి బర్నర్ శుభ్రం చేయించాలి.

స్నానం మధ్యలో తలనొప్పో, కళ్లు తిరగడమో, కాళ్లు తేలిపోవడమో మొదలైతే ఒంటి మీది సబ్బు కడుక్కునే పని పెట్టుకోకుండా బయటికి రావాలి. ఎవరైనా పడిపోతే ముందు తలుపులు తెరిచి, గ్యాస్ కట్టేసి, మనిషిని గాలిలోకి లాగి 108కి ఫోన్ చేయాలి. వేలికి పెట్టే ఆక్సీమీటర్ 98 చూపించినా నమ్మకూడదు. ఆక్సిజన్‌కూ కార్బన్ మోనాక్సైడ్‌కూ తేడా దానికి తెలియదు. ఆస్పత్రిలో గ్యాస్ గీజర్ సంగతి అడగకముందే చెప్పాలి. చెబితే రక్తంలో కార్బాక్సీ హిమోగ్లోబిన్ పరీక్ష రాసి, స్వచ్ఛమైన ఆక్సిజన్ పెడతారు. మామూలు గాలిలో సగం విషం వదలడానికి నాలుగైదు గంటలు పడితే, ఆక్సిజన్ మీద గంట, గంటన్నర చాలు. చెప్పకపోతే ఫిట్సా, గుండెపోటా అని తేల్చడానికే ఆ సమయం కాస్తా గడిచిపోతుంది.