గోల్స్ లెక్క వేరు, అవార్డుల లెక్క వేరు: అమ్ముగూడ బలరాం కథ

సికింద్రాబాద్ నుంచి బొల్లారం వెళ్లే రైలు మార్గంలో అమ్ముగూడ అని ఒక చిన్న స్టేషన్ వస్తుంది. కంటోన్మెంట్ అంచున ఉన్న ఈ ఊళ్లో 1936లో పుట్టిన తులసీదాస్ బలరాం 2023 ఫిబ్రవరి 16న కోల్‌కతాలో కన్నుమూశారు. భారత ఫుట్‌బాల్‌లో పీకే బెనర్జీ, చునీ గోస్వామి, బలరాం అంటే ముగ్గురు కాదు, ఒకటే పేరు అన్నట్టు చెప్పుకునేవాళ్లు. పీకే, చునీ ఇద్దరూ 2020లోనే పోయారు. చివరికి మిగిలిన బలరాం కూడా వెళ్లిపోయారు.

ఆ ముగ్గురూ కలిసి ఆడారు, కలిసి గెలిచారు. ముగ్గురికీ అర్జున అవార్డు వచ్చింది. చునీకి 1983లో, పీకేకి 1990లో పద్మశ్రీ కూడా వచ్చింది. బలరాంకు రాలేదు. 2024లో రహీం సాబ్ మీద వచ్చిన ‘మైదాన్’ సినిమా చూసి వచ్చిన పిల్లలు చాలా ఇళ్లలో అడిగే ప్రశ్న కూడా ఇలాంటిదే: ఇంత చేసిన మనిషికి అవార్డు ఎందుకు రాలేదు? దీనికి జవాబు ఆటలో దొరకదు. అవార్డులు ఎవరు ఇస్తారు, ఎలా ఇస్తారు, ఎప్పుడు ఇస్తారు అన్నది తెలుసుకుంటే కొంత దొరుకుతుంది.

ముందు ఆట సంగతి చూద్దాం. హైదరాబాద్ తరఫున ఆడుతున్న బలరాంను గుర్తించి పైకి తెచ్చింది సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్. వృత్తిరీత్యా ఉపాధ్యాయుడు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు కోచ్‌గా వచ్చి 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిపించిన మనిషి. బలరాంకు ఇరవై ఏళ్లు వచ్చేసరికి 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్ జట్టులో చోటు దొరికింది. ఆ ఒలింపిక్స్‌లో మన జట్టు నాలుగో స్థానంలో నిలిచింది. ఇప్పటికీ ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో మనకు అదే గొప్ప.

1957లో బలరాం కలకత్తా వెళ్లి ఈస్ట్ బెంగాల్‌లో చేరారు. పేరుకు అమెచ్యూర్ లీగే అయినా, దేశంలో మంచి ఆటగాడు ఎవరైనా బతుకుదెరువు కోసమో పేరు కోసమో చేరుకునేది అక్కడికే. మన హైదరాబాద్ కుర్రాళ్లు ఎంతోమంది ఆ బండి ఎక్కినవాళ్లే.

1961 సీజన్ ఆయనది. కెప్టెన్ ఆయనే. ఈస్ట్ బెంగాల్ 1952 తర్వాత కలకత్తా లీగ్ గెలవలేదు. తొమ్మిదేళ్ల ఆ కరువు 1961లో తీరింది. 23 గోల్స్‌తో లీగ్‌లో అందరికంటే ఎక్కువ కొట్టింది కూడా బలరామే. అదే ఏడాది ఐఎఫ్ఏ షీల్డ్‌ను మోహన్ బగాన్‌తో కలిసి పంచుకున్నారు. ఎడమ వైపున ఆడుతూ, మధ్యలోకి చొచ్చుకొచ్చి, తను కొట్టడమే కాక పక్కవాళ్ల చేత కొట్టించే ఫార్వర్డ్ ఆయన. ఇన్ని పనులు చేసేవాడి విలువ గోల్స్ పట్టికలో సగమే కనబడుతుంది.

మరుసటి ఏడాది జకార్తా ఆసియా క్రీడలు. మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓటమి. తర్వాత థాయ్‌లాండ్ మీద 4-1, జపాన్ మీద 2-0 గెలిచారు. ఆ రెండు మ్యాచ్‌ల్లోనూ బలరాం గోల్ ఉంది. సెమీఫైనల్లో దక్షిణ వియత్నాం మీద 3-2. 1962 సెప్టెంబర్ 4న ఫైనల్లో మళ్లీ కొరియానే ఎదురైంది. స్టేడియంలో జనం నిండిపోయి ఉన్నారు, వాళ్లలో ఎక్కువమంది మనకు వ్యతిరేకంగా అరుస్తున్నారు. పీకే ఒకటి, తలకు కుట్లతోనే ముందు వరుసలో ఆడిన జర్నైల్ సింగ్ ఒకటి కొట్టారు. 2-1తో బంగారు పతకం మనది. రహీం సాబ్ అప్పటికే క్యాన్సర్‌తో ఉన్నారు. 1963 జూన్‌లో ఆయన ఇంతెఖాల్ అయ్యారు.

1962 సంవత్సరానికి ఫుట్‌బాల్‌లో అర్జున అవార్డు బలరాంకు వచ్చింది. లీగ్‌లో టాప్ స్కోరర్, ఆసియా క్రీడల బంగారు పతకం రెండూ పక్కపక్కనే ఉన్నాయి కాబట్టి ఇందులో ఎవరికీ ఆశ్చర్యం లేదు.

అయితే ఆ రోజుల అర్జున జాబితాను వరుసగా చదివితే ఒక సంగతి కనబడుతుంది. అవార్డు మొదలైందే 1961లో. ఫుట్‌బాల్‌లో ఆ ఏడాది పీకే, 1962లో బలరాం, 1963లో చునీ, 1964లో జర్నైల్ సింగ్, 1965లో అరుణ్ ఘోష్, 1966లో యూసుఫ్ ఖాన్, 1967లో పీటర్ తంగరాజ్. ఏడాదికి ఒక్కరు. ఏడుగురూ జకార్తా జట్టువాళ్లే. అంటే ఆ ఏడాది మొత్తంలో ఎవరు బాగా ఆడారో చూసి ఇచ్చారనడం కంటే, ఒకే గొప్ప జట్టును క్యూలో నిలబెట్టి ఏడాదికి ఒకరిని పిలిచారనడమే నిజానికి దగ్గర. ఆ ఏడుగురిలో యూసుఫ్ ఖాన్ హైదరాబాద్ మనిషి, తంగరాజ్ సికింద్రాబాద్ క్లబ్బుల్లో ఆట మొదలుపెట్టినవాడు. బలరాంతో కలిపితే మన జంటనగరాల వాటా ముగ్గురు. చిన్న సంగతి కాదు.

అప్పట్లో ఏటా ఓట్లు వేసి ఉత్తమ ఆటగాణ్ణి ఎన్నుకునే పద్ధతి మన ఫుట్‌బాల్‌లో లేదు. అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ‘ప్లేయర్ ఆఫ్ ద ఇయర్’ మొదలుపెట్టింది 1992లో. మొదట అందుకున్నది కేరళ ఆటగాడు ఐఎం విజయన్. తర్వాతి కాలంలో క్లబ్బుల కోచ్‌ల ఓట్లను బట్టి ఆ పేరు తేల్చడం వచ్చింది. బలరాం ఆడిన రోజుల్లో ఇలాంటిది ఉండి ఉంటే 1961లో ఆ ఓట్లు ఎవరికి పడేవో ఊహించడం కష్టం కాదు. కానీ ఓటు లేదు కాబట్టి రికార్డు కూడా లేదు.

ఓట్లు ఉన్న చోట మాత్రం అంతా న్యాయమేనా అంటే, అదీ చెప్పలేం. అమెరికాలో ఉన్న మన పిల్లలు చూసే బేస్‌బాల్‌నే తీసుకోండి. అక్కడ ఒక్కో లీగ్‌లో సీజన్‌కు అత్యంత విలువైన ఆటగాణ్ణి తేల్చేది ఆ ఆట మీద రాసే విలేకరుల సంఘం. ఇప్పటి పద్ధతిలో లీగ్‌లోని ప్రతి నగరం నుంచి ఇద్దరేసి చొప్పున 30 మంది ఓటేస్తారు. ఒక్కొక్కరు వరుసగా పది పేర్లు రాయాలి. మొదటి పేరుకు 14 పాయింట్లు, రెండో పేరుకు 9, తర్వాత 8, 7 అలా తగ్గుతూ పోతాయి. 1947లో బోస్టన్ ఆటగాడు టెడ్ విలియమ్స్ బ్యాటింగ్ సగటు, హోమ్ రన్లు, జట్టుకు తెచ్చిన పరుగులు మూడింటిలోనూ లీగ్‌లో మొదటి స్థానం సాధించాడు. అయినా అవార్డు న్యూయార్క్ ఆటగాడు జో డిమాజియోకు వెళ్లింది. తేడా ఒక్క పాయింట్: 202, 201. విలేకరులతో విలియమ్స్‌కు పడేది కాదు. డిమాజియో జట్టేమో ఆ ఏడాది ఛాంపియన్. అంకెలు ఒకటి చెబితే, చేతులు ఇంకొకటి రాశాయి. ఎనభై ఏళ్లు కావస్తున్నా అక్కడ దీని గురించి వాదించుకుంటూనే ఉన్నారు. వాదించుకోగలుగుతున్నారు కూడా, ఎందుకంటే లెక్క బయట ఉంది.

యూరప్ ఫుట్‌బాల్‌లో బాలన్ డి'ఓర్ కూడా విలేకరుల ఓట్లతోనే తేలుతుంది. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో మన జట్టు హంగేరీతో ఆడి 2-1తో ఓడింది. మన గోల్ బలరాందే. అవతలి జట్టులో గోల్ కొట్టినవాళ్లలో ఒకడు ఫ్లోరియన్ ఆల్బర్ట్. ఏడేళ్ల తర్వాత, 1967లో, బాలన్ డి'ఓర్ గెలిచింది అతనే. అదే మైదానంలో, అదే తొంభై నిమిషాల్లో ఇద్దరూ తలా ఒక గోల్ కొట్టారు. కానీ ఆ అవార్డు 1995 దాకా యూరప్ ఆటగాళ్లకు మాత్రమే. సికింద్రాబాద్ కుర్రాడి పేరు ఆ కాగితం మీదకు ఎక్కే వీలే లేదు. ఎవరికి ఓటు వేయాలన్న దానికంటే ముందు, ఎవరి పేరు కాగితం మీద ఉంది అన్నది చూడాలని చెప్పడానికే ఇదంతా.

ఇప్పుడు పద్మశ్రీ దగ్గరికి వద్దాం. పద్మ అవార్డులకు ఓట్లు లేవు, పాయింట్లు లేవు. ముందు ఎవరో ఒకరు పేరు పంపాలి. రాష్ట్ర ప్రభుత్వాలు, కేంద్ర మంత్రిత్వ శాఖలు, గతంలో అవార్డు పొందినవాళ్లు పంపవచ్చు. ఇప్పుడైతే మామూలు పౌరులు కూడా ఆన్‌లైన్‌లో పంపవచ్చు. వచ్చిన పేర్లను ప్రధానమంత్రి ఏటా నియమించే కమిటీ చూస్తుంది. దానికి కేబినెట్ కార్యదర్శి అధ్యక్షుడు. హోం కార్యదర్శి, రాష్ట్రపతి కార్యదర్శి, నలుగురి నుంచి ఆరుగురు ప్రముఖులు సభ్యులు. వాళ్లు సిఫారసు చేసిన పేర్లు ప్రధాని, రాష్ట్రపతి ఆమోదంతో రిపబ్లిక్ డే సందర్భంగా బయటికి వస్తాయి. ఎవరి పేరు ఎందుకు ఆగిందో బయటివాళ్లకు తెలిసే మార్గం లేదు.

బలరాం ఆట ఊపిరితిత్తుల జబ్బు వల్ల 1963లోనే ఆగిపోయింది. అప్పటికి ఆయనకు ఇరవై ఏడేళ్లు కూడా సరిగా నిండలేదు. పీకే తర్వాత చాలా ఏళ్లు పెద్ద క్లబ్బులకు, భారత జట్టుకు కోచ్‌గా వార్తల్లోనే ఉన్నారు. చునీ ఏకంగా క్రికెట్‌లోకి వెళ్లి బెంగాల్‌ను రంజీ ఫైనల్ దాకా నడిపించారు. బలరాం ఉత్తరపారాలో ఒంటరిగా, నిశ్శబ్దంగా బతికారు. పైగా ఆయన ఏ రాష్ట్రం మనిషి? పుట్టింది ఇక్కడ, పేరు వచ్చింది అక్కడ. ఇలాంటివాళ్ల ఫైలు కదిపే బాధ్యత ఎవరిదీ కాకుండా పోతుంది. ఆయన విషయంలో సరిగ్గా ఏం జరిగిందో కాగితాలే చెప్పాలి గానీ, ఇలా రెండు ఊళ్ల మధ్య మిగిలిపోయినవాళ్లు మన దగ్గర చాలామందే ఉన్నారు. పద్మశ్రీ రాలేదన్న బాధను మాత్రం బలరాం చివరి ఏళ్లలో దాచుకోలేదు, ఇంటర్వ్యూల్లో బాహాటంగానే చెప్పుకున్నారు.

రహీం సాబ్ సంగతి ఇంకో రకం. కోచ్‌లకు ఇచ్చే ద్రోణాచార్య అవార్డు మొదలైంది 1985లో, ఆయన పోయిన 22 ఏళ్లకు. రెండుసార్లు, 1951లో ఢిల్లీలోనూ 1962లో జకార్తాలోనూ, ఆసియా బంగారం తెచ్చిన కోచ్ బతికి ఉన్నప్పుడు కోచ్‌లకంటూ జాతీయ అవార్డే లేదు. పద్మ అవార్డులు మామూలుగా మరణానంతరం ఇవ్వరు, చాలా అర్హమైన సందర్భాల్లో మాత్రం పరిశీలించవచ్చని నిబంధన ఉంది. ఆయన కొడుకు సయ్యద్ షాహిద్ హకీం సాబ్ రోమ్ ఒలింపిక్స్ జట్టు సభ్యుడు. ఆయనకు 2017లో ధ్యాన్‌చంద్ అవార్డు వచ్చింది, నాలుగేళ్లకే పోయారు.

ఆలస్యం అంటే ఎంతో చూడాలంటే సయ్యద్ నయీముద్దీన్ సాబ్ పేరు చాలు. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన జట్టుకు ఈ హైదరాబాదీ కెప్టెన్. కోచ్‌గా ద్రోణాచార్య 1990లో వచ్చింది. ఆటగాడిగా అర్జున వచ్చింది 1997లో! ముందు ఆడి తర్వాత కోచ్ అయిన మనిషికి అవార్డులు తిరగేసి అందాయి. మహమ్మద్ హబీబ్ కూడా పదేళ్లకు పైగా కలకత్తా మైదానాలను ఏలిన తర్వాత, 1980లో అర్జున అందుకున్నారు.

ఇప్పుడు పద్ధతి కొంత మారింది. అర్జునకు ఒకప్పుడు క్రీడా సంఘాలు పేరు పంపితేనే దారి ఉండేది. ఇప్పుడు ఆటగాళ్లు తమంతట తామే దరఖాస్తు చేసుకోవచ్చు. గడిచిన నాలుగేళ్ల ప్రదర్శన చూస్తారు, అంతర్జాతీయ పతకాలకు మార్కులుంటాయి. ఎప్పుడో ఆట మానేసిన పెద్దవాళ్ల కోసం ఉన్న ధ్యాన్‌చంద్ అవార్డు స్థానంలో 2024 నుంచి ‘అర్జున జీవితకాల’ అవార్డు వచ్చింది.

పాతబస్తీలోనో, బొల్లారంలోనో, తిరుమలగిరిలోనో ఇంట్లో తాతగారో నానాగారో సంతోష్ ట్రోఫీయో, రోవర్స్ కప్పో ఆడి ఉంటే, పెట్టెలో పడి ఉన్న సర్టిఫికెట్లు, పేపర్ కటింగులు, జట్టు ఫొటోలు ముందు బయటికి తీయాలి. ఫొటో వెనకాల పేర్లు, సంవత్సరం రాసిపెట్టాలి. ఆ మొహాలను గుర్తుపట్టి పేర్లు చెప్పగలిగినవాళ్లు ఉన్నప్పుడే ఆ పని కావాలి. పద్మ నామినేషన్‌కు పెద్ద పైరవీ ఏమీ అడగరు. ఆ మనిషి ఏం చేశాడో 800 పదాలకు మించకుండా రాసి, వివరాలు నింపి, గడువు లోపల ఆన్‌లైన్‌లో పంపాలి. ఎవరైనా పంపవచ్చు, రుసుము లేదు.